కరెంట్ అఫైర్స్ చదివి చదివి నవ్వు మరచిపోయిన తమ్ముడికి

దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. మూడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పొద్దున రెండు దినపత్రికలు, మధ్యాహ్నం కరెంట్ అఫైర్స్ మాసపత్రిక, రాత్రి ఫోనులో మళ్లీ వార్తలే. "వార్త చూస్తేనే గుండె బరువెక్కుతోంది. ఇంట్లో అమ్మ, చెల్లి మీమ్స్ చూసి పగలబడి నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాదు. నేనేదైనా జోకు వేస్తే ఎవరూ నవ్వరు. వార్తల్లోనూ సినిమాల్లోనూ సరదా చూడగలగడం పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా?" అన్నది అతని బాధ.

తమ్ముడూ, నేర్చుకుంటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది, అదీ ఆలస్యంగా.

నేను నల్లగొండలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అందులో పద్నాలుగేళ్లు ప్రతి ఆదివారం చురకల కాలమ్ రాశాను. అంతకు ముందు వినాయక చవితి మంటపాల దగ్గర మిమిక్రీ చేసేవాడిని. ఎవరి గొంతు వినిపించబోతున్నానో ముందుగా మైకులో చెప్పకపోతే జనం పోల్చుకునేవారు కాదు, అంత గొప్ప కళ నాది. మా ఉమ్మడి జిల్లాలోని కోదాడ నుంచి వేణుమాధవ్ మిమిక్రీతో మొదలుపెట్టి సినిమాల దాకా వెళ్లారు. నేనూ మిమిక్రీతోనే మొదలుపెట్టి ప్రూఫులు దిద్దడం దాకా వెళ్లాను. కాబట్టి పుట్టుకతో వచ్చిన హాస్యం నా దగ్గర లేదు. ఉన్నదంతా పని చేస్తూ పోగేసుకున్నదే.

నాకు తెలిసిన కిటుకు ఒక్కటే. వార్త దాని అసలు సైజులో ఉన్నంతసేపు భయపెడుతుంది, లేదంటే విసిగిస్తుంది. దాన్ని మన ఊరి కొలతకు కుదించి, తీసుకొచ్చి మన అరుగు మీద కూర్చోబెడితే దాని తలపాగా కాస్త పక్కకు ఒరుగుతుంది. అప్పుడు నవ్వొస్తుంది. ఇది నాకు నేర్పినవాడు పిట్టలదొర.

నీ వయసువాళ్లు పిట్టలదొరను టీవీలో చూసి ఉంటారేమో. తుపాకి రాముడని కూడా అంటారు. మా చిన్నప్పుడు నకిరేకల్ దగ్గర మా ఊరికి ఏటా పంటలు ఇంటికి వచ్చాక వచ్చేవాడు. చిరిగిన ఖాకీ కోటు, తలమీద దొరల టోపీ, భుజాన చెక్క తుపాకి, ఛాతీ మీద సోడా మూతలతో చేసిన పతకాలు. ఒక కాలికి బూటు, రెండో కాలికి చెప్పు. ఇంటి ముందు నిలబడి గొంతు సవరించుకుని తన ఆస్తి లెక్క చెప్పేవాడు. నాకు గుర్తున్నంతవరకు ఇలా సాగేది: మా తాత జాగీరు ఎంత పెద్దదంటే, తూర్పు గట్టున పొద్దున లేచిన కాకి సాయంత్రానికి కూడా పడమటి గట్టు దాటలేక మా వాకిట్లోనే అన్నానికి దిగేది. ఆ అన్నం మేం ఎక్కడి నుంచి తెచ్చేవాళ్లమంటారా? ఇదిగో, మీ ఇంటి నుంచే. అంటూ జోలె చాపేవాడు.

ఆ చివరి వాక్యాన్ని గమనించు. అంతసేపూ దొరల దర్పాన్ని వెక్కిరించి, చివరి దెబ్బ తన మీదే వేసుకునేవాడు. అందుకే నిజం దొర గడీ ముందు కూడా ఆ వేషం చెల్లింది.

1979లో స్కైలాబ్ పడుతుందన్న గోల వచ్చింది. అమెరికావాళ్లు పైకి పంపిన ప్రయోగశాల, 70 టన్నులకు పైగా బరువు, ఎక్కడ పడుతుందో చెప్పలేమని రేడియోలో వార్త. నాకు పదమూడేళ్లు. ఊళ్లో ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తినడం మొదలుపెట్టారు. మా అమ్మ గుడ్లు పెట్టే రెండు పెట్టలను కూడా కోసింది. జూలైలో స్కైలాబ్ కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. మా ఇంటి వరకు దాని వల్ల జరిగిన ప్రాణనష్టం ఆ రెండు కోళ్లే.

ఆ ఏడు పిట్టలదొర వచ్చి ఏమన్నాడో తెలుసా? "స్కైలాబ్ మీ ఊరి మీదికే వస్తోందయ్యా. నేనే ఈ తుపాకితో కొట్టి సముద్రంలో పడేశాను. సర్కారు లక్ష రూపాయల ఇనాం పంపింది. నా దగ్గర చిల్లర లేదని వెనక్కి పంపేశాను. ఒక గుప్పెడు జొన్నలు పెట్టండి చాలు." రెండు నెలల పాటు చావు భయంతో నిద్రపోని ఊరు కడుపు పట్టుకుని నవ్వింది. కోళ్లు పోయిన మా అమ్మ కూడా నవ్వింది.

చాలా ఏళ్ల తర్వాత డెస్కులో ఉండగా ఇంకో సంగతి తెలిసింది. ఆ ముక్కలు పడిన ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అని ఒక చిన్న పట్టణం ఉంది. అక్కడి స్థానిక పాలకవర్గం రోడ్ల మీద చెత్త వేశారని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. చివరికి 2009లో ఒక అమెరికన్ రేడియో వ్యాఖ్యాత తన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి ఆ బాకీ తీర్చాడు. అంతరిక్షాన్ని తెచ్చి మున్సిపాలిటీ చెత్త రసీదులో పెట్టారు చూశావా, మా పిట్టలదొర చేసింది కూడా సరిగ్గా అదే. ఇద్దరికీ పరిచయం లేదు. కొలత ఒకటే.

నువ్వు రోజూ రాసుకునే నోట్సులో కుడి పేజీలో విషయం రాయి, ఎడమ పేజీ ఖాళీగా వదులు. అక్కడ ఆ విషయం మీ ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయి. ఉదాహరణకు జిల్లాల పునర్వ్యవస్థీకరణ. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019లో నారాయణపేట, ములుగు చేరి ముప్పై మూడయ్యాయి. ఇది చదివితే నిద్ర వస్తుంది. ఇప్పుడు మా మేనత్త సంగతి విను.

ఆమెది మునగాల. ఆ పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, అది మాత్రం కృష్ణా జిల్లాలో భాగంగా ఇంగ్లీషువాళ్ల మద్రాసు కింద ఉండేది. మా అత్త అక్కడే పుట్టింది, మేనరికం కావడంతో పక్క వీధికే కాపురానికి వెళ్లింది. మద్రాసు రాష్ట్రంలో పుట్టింది, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి వెళ్లింది, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు, 2014లో తెలంగాణకు. జిల్లా చూస్తే మొదట కృష్ణా, 1959లో నల్లగొండ, 2016లో సూర్యాపేట. నాలుగు రాష్ట్రాలు, మూడు జిల్లాలు, ఇల్లు ఒక్కటే. మధ్యలో పెంకులు తీసి స్లాబు వేయించారు, అంతే. ఒకసారి ఆధార్ కార్డులో జిల్లా పేరు మార్పించడానికి తీసుకెళ్తుంటే విసుక్కుంది: "నేను ఎక్కడికీ పోలేదురా. సర్కారే నా చుట్టూ తిరుగుతోంది."

ఈ తారీఖులు నాకు నలభై ఏళ్లలో ఎవరు చదివించినా గుర్తుండలేదు. మా అత్త విసుగుతో కలిపి చెప్పుకుంటే ఉండిపోయాయి. నీ పరీక్షకు కూడా పనికొస్తుందని చెప్పడం లేదు. వస్తే మంచిదే.

రెండో అలవాటు, శీర్షికలను పైకి చదవడం. మన తెలుగు తనంతట తానే జోకులు వేస్తుంది, మనం చెవి పెడితే చాలు. సాగర్‌కు వరద వచ్చిన రోజు పత్రికలన్నీ ఒకే మాట రాస్తాయి: నిండుకుండలా సాగర్. ఇరవై ఆరు గేట్లూ ఎత్తిన ఫొటో. అదే పేజీ కింద మూల: సొసైటీలో నిండుకున్న యూరియా. పైన నిండడం అంటే నిండటమే, కింద నిండుకోవడం అంటే అయిపోవడం. ఇంట్లో బియ్యం లేవని నోటితో అనకూడదని మన అమ్మమ్మలు మొదలుపెట్టిన మర్యాద అది. పైన నీళ్లు నిండాయి, కింద యూరియా నిండుకుంది, మధ్యలో రైతు పేజీ తిప్పుతున్నాడు.

నేనే ఒకసారి రాత్రి పన్నెండు దాటాక తొందరలో ఒక శీర్షిక పెట్టాను: "వాన రాక, రైతుల సంబరం." రాక అంటే రావడం అని నా ఉద్దేశం. పొద్దున ఆరింటికి మర్రిగూడ నుంచి ఒక పెద్దమనిషి ఫోను. "ఏమయ్యా, వాన రాకపోతే మాకు సంబరమా?" కామాను తీసి "రాకతో" అని పెట్టి ఉంటే బతికిపోయేవాడిని. అప్పటి నుంచి మంత్రి రాక అని ఎక్కడ చూసినా, వచ్చినట్టా రానట్టా అని ఒక్క క్షణం ఆగుతాను. చాలాసార్లు రెండూ నిజమే అవుతాయి.

మూడో సంగతి, జనం మాటలు వినడం. నువ్వు గదిలో కూర్చుని చదువుతున్నావు కాబట్టి ఇది నీకు తక్కువ. 2018 వేసవిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ ఎక్కిస్తున్న వార్త వచ్చింది. మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి, ఏడు వందల ఏళ్లదని చెబుతారు. కొమ్మలు చెదలు పట్టి విరిగితే అంతకు ముందు డిసెంబరులోనే సందర్శకులను ఆపేశారు. చెదలమందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించారు. నేను అప్పుడు జడ్చర్ల నుంచి బస్సులో వెళ్తున్నాను. ముందు సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు. ఒకాయన పత్రిక మడిచి పక్కాయనకు చూపించాడు.

"చెట్టుకు గ్లూకోజు పెడుతున్నారట."

"మొన్న నేను పెద్దాసుపత్రికి పోతే మంచం లేదన్నారు."

"అది నిలబడే ఎక్కించుకుంటోంది. దానికి మంచం అక్కర్లేదు."

"ఏడు వందల ఏళ్లంటే పింఛను కూడా వస్తుందేమో."

"వేలిముద్ర పడదు. ఊడలు అరిగిపోయి ఉంటాయి."

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు. ఆ అయిదు మాటల్లో ఆసుపత్రి పరిస్థితి ఉంది, పింఛను కోసం వేలిముద్ర యంత్రం దగ్గర నిలబడే ముసలివాళ్ల అవస్థ ఉంది, చెట్టు మీద ప్రేమ కూడా ఉంది. అది బాగుండాలని కోరుకునేవాళ్లే దాని గురించి అంతసేపు మాట్లాడుకుంటారు. తర్వాత అది చిగుర్లు వేసిందన్న వార్తకు నేనే పేజీలో చోటు ఖాళీ చేయించాను. ఆ రోజు డెస్కులో అందరి మొహాలూ వెలిగాయి. వార్తల్లో సంతోషం వెతకమంటే ఇలాంటివి కూడా లెక్కలోకి తీసుకో, తమ్ముడూ. అన్నిటికీ పొట్ట చెక్కలవ్వాల్సిన పని లేదు.

ఎన్నికల గురించి చెప్పకపోతే నల్లగొండవాడిని కాను. 2022లో మునుగోడు ఉప ఎన్నికకు నలభై ఏడు మంది బరిలో నిలిచారు. కారు గుర్తు పార్టీవారు తమ గుర్తును పోలి ఉన్నాయని కొన్ని గుర్తులు తీసేయమని కోరారు. రోడ్డు రోలరు సరే, ఆ జాబితాలో చపాతీ కర్ర, సబ్బు పెట్టె, కుట్టు మిషను, ఓడ కూడా ఉన్నాయి. వాళ్ల బాధ వాళ్లది. చిన్న బొమ్మల్లో చూపు ఆనని పెద్దవాళ్లు పొరబడి, ఆ మేరకు ఓట్లు పోతాయని వాళ్ల లెక్క. నేను మాత్రం పోల్చి చూద్దామని వంటింట్లోంచి చపాతీ కర్ర తెచ్చి బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో కారు లేదు. దీన్ని చూస్తే కారులా ఉందా అని మా ఆవిడను అడిగాను. "ఎక్కి చూడండి, తెలుస్తుంది" అంది.

దానికన్నా పెద్ద జోకు మా జిల్లా 1996లోనే వేసింది. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెలు మంచినీళ్ల కోసం ఎంత మొత్తుకున్నా పట్టించుకున్నవారు లేకపోతే, జలసాధన సమితి పిలుపుతో జనం నల్లగొండ లోక్‌సభ స్థానానికి కుప్పలు తెప్పలుగా నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ పేపరు బ్యాలెట్ పుస్తకమైంది. అప్పుడు నేను విలేకరిగా కొత్త. ఒక పోలింగు కేంద్రం దగ్గర ఒక తాత ఓటు వేసి బయటికి వచ్చి, "ఇంత పుస్తకం నా జన్మలో చేతపట్టలేదు బిడ్డా, ముద్రే వేయాలా, చదివి పరీక్ష కూడా రాయాలా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో సగం మందికి వంగిన నడుములే.

డిపాజిట్ రాదని వాళ్లకు తెలుసు. తెలిసే కట్టారు. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు. నీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. పర్యావరణ పరిశోధన సంస్థ నీరీవారు నీళ్లలోంచి ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతి కనిపెట్టి దానికి పెట్టిన పేరు కూడా నల్లగొండ టెక్నిక్. మందుకు మా ఊరి పేరు పెట్టారు, మందు మాత్రం ఊళ్లో తొందరగా దొరకలేదు. ఇలాంటి జోకు బయటివాడు వేస్తే కొడతాం. మేం వేసుకుంటే అది మా ఫిర్యాదు. నవ్వు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. దీని గురించి నేను ఒక దెబ్బ తిన్నాను, అది చెప్పాలి.

ఒక పంచాయతీ ఎన్నికల తర్వాత విలేకరి ఒక చిన్న ముక్క పంపాడు. ఫలానా ఊళ్లో వార్డుకు పోటీ చేసిన ఒకతనికి తొమ్మిది ఓట్లు వచ్చాయి, అతని ఇంటి నంబరు మీద జాబితాలో పదకొండు ఓట్లు ఉన్నాయి. నాకు కాలమ్‌కు సరుకు దొరికినట్టయింది. పేరు రాయలేదు గాని ఊరు రాశాను. ఇంట్లోనే ఇద్దరు ఫిరాయించారని, ఆ ఇద్దరూ ఎవరో తేలేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదని, అలా పది లైన్లు. చాలామంది ఫోను చేసి మెచ్చుకున్నారు.

బుధవారం సాయంత్రం ఆయన ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్లు ఉంటాయి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. గొడవ పడతాడేమోనని మావాళ్లు దగ్గరికి జరిగారు. ఆయన సంచిలోంచి ఓటర్ల జాబితా జిరాక్సు తీసి నా ముందు పెట్టాడు. రెండు పేర్ల కింద పెన్నుతో గీత ఉంది.

"మీరు రాసిన లెక్క తప్పు కాదు సార్. పదకొండే. ఈమె మా అమ్మ, పోయి రెండేళ్లయింది. ఇతను మా అన్న, పోయి ఏడు నెలలు. పేర్లు తీయలేదు. మిగిలింది నాతో కలిపి తొమ్మిది మందిమి. తొమ్మిది మందీ వేశారు. మా చిన్నమ్మాయి హైదరాబాద్ నుంచి బస్సులో నిలబడి వచ్చి వేసిపోయింది. ఊరు నాకు వేయలేదు, అది నిజం. ఇల్లు వేసింది సార్. అది రాయండి చాలు."

టీ తెప్పించాను. తాగలేదు. చివరి బస్సు ఉందని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం అదే విషయం మళ్లీ రాశాను. ఈసారి జోకు జాబితా మీద. యముడి దగ్గరున్న జాబితాకూ మన దగ్గరున్న జాబితాకూ లెక్క కుదరడం లేదనీ, మన దగ్గర ఒకసారి ఓటరు అయినవాడికి చావు లేదనీ, చిత్రగుప్తుడు ఆశ్చర్యపోయి మన ఊరికి డిప్యుటేషన్ అడుగుతున్నాడనీ రాసి, చివర ఆయన తొమ్మిది ఓట్ల సంగతి ఉన్నదున్నట్టు పెట్టాను. రెండోసారే జనం ఎక్కువ నవ్వారు. ఆయన ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడని విలేకరి చెప్పాడు. నిజమో కాదో నేను అడగలేదు, నాకు మొహం చెల్లలేదు.

అందుకే చెబుతున్నాను, వార్తను ఎలా సరిచూసుకుంటామో జోకును కూడా అలాగే సరిచూసుకోవాలి. ఒక్క ఫోను చేసి ఉంటే ఆ పదకొండు సంగతి నాకు ఆ రోజే తెలిసేది. వాట్సాప్‌లో వచ్చింది ముందూ వెనకా చూడకుండా పంపేవాళ్లంతా అప్పటి నాలాంటివాళ్లే. కాకపోతే వాళ్ల దగ్గరికి ఎవరూ ఇస్త్రీ చొక్కా వేసుకుని రారు.

కొన్ని వారాలు నవ్వు దానంతట అదే పక్కకు తప్పుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు, క్లాక్‌టవర్ దగ్గర మా టీ కొట్టులో రోజూ ప్రతి శీర్షికకూ ఏదో ఒకటి అంటించే మా గుంపులో ఎవరూ నోరు మెదపలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు. పత్రిక చదివి మడిచి బల్ల మీద పెట్టి లేచిపోయేవాళ్లం. నీకు వార్త చూసి బరువుగా అనిపిస్తోందంటే అందులో కొంత ఇలాంటిదే అయి ఉంటుంది. అది జబ్బు కాదు, దాన్ని నవ్వుతో దులుపుకోవాలని ప్రయత్నించకు. కాకపోతే పడుకునే ముందు మళ్లీ ఒకసారి ఫోనులో వార్తలు చూడటం మానెయ్. పొద్దున పత్రికలో వచ్చినదే రాత్రికి ఎర్రక్షరాలతో వస్తుంది, కొత్త సంగతి తక్కువ.

ఇక సినిమాలు, మీమ్స్. ఇక్కడ నీ సమస్య నువ్వు అనుకుంటున్నది కాదు.

ఆమెత (అంటే విందు) లేని ఇల్లు, సామెత లేని మాట ఒకటే అనేవారు మన పెద్దవాళ్లు. ఇప్పుడు ఆ సామెత పని మీమ్ చేస్తోంది. బ్రహ్మానందం గారి మొహం ఒకటి పెడితే పది వాక్యాలు మిగులుతాయి. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరర్ ఆయన. వెయ్యికి పైగా సినిమాల్లో నటించారు, గిన్నిస్ రికార్డు కూడా ఎక్కారు. రుతుపవనాలు ఆలస్యమైనా, పరీక్ష వాయిదా పడినా, ఉల్లి ధర పెరిగినా దానికి తగిన మొహం ఆయన దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. కానీ సామెత వెనక కథ తెలియనివాడికి సామెత పట్టుబడనట్టే, ఆ బొమ్మ ఏ సన్నివేశంలోదో తెలియనివాడికి మీమ్ పట్టుబడదు. నువ్వు మూడేళ్లుగా సినిమా చూసి ఉండవు. మీ అమ్మ మాత్రం ఆ సినిమాలను థియేటర్లో విజిల్స్ మధ్య చూసింది. ఆమె నవ్వుతున్నది ఆ బొమ్మ ఒక్కటి చూసే కాదు.

2022 నుంచి పాత సినిమాలను మళ్లీ విడుదల చేసే వరస మొదలైంది కదా. నేను మా అబ్బాయితో ఒకదానికి వెళ్లాను. తెర మీద హీరో నోరు తెరవక ముందే హాలంతా డైలాగు చెప్పేసింది. పాటకు సీట్లు ఖాళీ, అందరూ తెర ముందే. కథ తెలుసు, చివర ఏమవుతుందో తెలుసు, అయినా ఎవరికీ విసుగు లేదు. నాకు మా ఊరి పద్యనాటకాలు గుర్తొచ్చాయి. రాయబారం పద్యాలు నోటికి వచ్చినవాళ్లే ముందు వరసలో కూర్చుని "వన్స్ మోర్" అని అరిచేవారు. కృష్ణుడు వేషధారి లేచివచ్చి అదే పద్యం మళ్లీ పాడేవాడు. సంధి ఎలాగూ కుదరదని దుర్యోధనుడితో సహా అందరికీ తెలుసు. తెలిసినదాన్ని పదిమందితో కలిసి మళ్లీ చూడటంలో ఉన్న ఆనందం వేరు. ఒంటరిగా ఫోనులో అదే సినిమా పెట్టుకుంటే నేను పావుగంటకే నిద్రపోయాను.

మన యాస సంగతి కూడా ఒక ముక్క. సినిమాల్లో దాన్ని రౌడీకీ, జోకరుకీ మాత్రమే ఇచ్చిన రోజులు నేను చూశాను. టీవీలో తీన్మార్ వార్తలు వచ్చాక వార్త చెప్పేవాడే ఆ మాటతో నవ్వించాడు, మమ్మల్ని చూసి నవ్వే పని తగ్గింది. ఆ తర్వాత అనుకరించిన వాళ్లలో చాలామంది గట్టిగా అరవడమే హాస్యమనుకున్నారు, అది వేరే గోల.

నువ్వు జోకు వేస్తే ఎవరూ నవ్వడం లేదన్నావు. ఎలా వేస్తున్నావో చూడకుండా చెప్పలేను గాని, నీ ప్రశ్న రాసిన తీరు చూస్తే ఒక అనుమానం. నువ్వు ముందు సందర్భం వివరిస్తావు, తర్వాత జోకు చెబుతావు, ఆ తర్వాత అది ఎందుకు జోకో చెబుతావు. పరీక్షకు చదివేవాళ్లకు వచ్చే జబ్బే. మొదటిదీ మూడోదీ తీసెయ్. ఎవరూ నవ్వకపోతే మళ్లీ చెప్పకు, టీ తాగు. నేను వారం రోజులు రాసిన చురకలన్నీ శనివారం రాత్రి మా ఆవిడకు చదివి వినిపించేవాడిని. ఆమె నవ్వకపోతే కొట్టేసేవాడిని. పద్నాలుగేళ్లలో నేను కొట్టేసినవే ఎక్కువ. ఇందాక చెప్పిన చపాతీ కర్ర జోకు కూడా ఆమెదే. నా పేరుతో చెలామణి అవుతోంది.

ఈ రాత్రి అన్నాలయ్యాక పుస్తకం తెరవకుండా అమ్మ పక్కన కూర్చో. ఫోను ఆమె చేతిలోనే ఉండనీ. నవ్వినప్పుడల్లా అది ఏ సినిమాలోదని అడుగు. ఆమె ఆ ఒక్క సన్నివేశం చెప్పి ఊరుకోదు, కథ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. ఏ ఊళ్లో చూసిందో, ఎవరితో వెళ్లిందో, టికెట్లు దొరకక మీ నాన్న గోడ దూకి ఎలా పడ్డాడో, అన్నీ వస్తాయి. ఇంటర్వెల్ దాకా వచ్చేసరికి పది దాటుతుంది. మరుసటి రోజు కరెంట్ అఫైర్స్‌లో రెండు పేజీలు వెనకబడతావు. మీ నాన్న గోడ దూకిన సంగతి మాత్రం ఎడమ పేజీలో రాసుకో.